చూడటం కూడా ముట్టుకోవడమే

అశోక్‌నగర్‌లో మా వందన ప్రతి ఆదివారం సాయంత్రం ఒక ఇంటి డాబా మీద జరుగుతుంది. త్రిశరణం, పంచశీల అయిపోయాక అరగంట చర్చ పెట్టుకుంటాం. వచ్చేవాళ్లలో సగం మంది సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు. మిగతావాళ్లు ఇళ్లల్లో, ఆఫీసుల్లో, రోడ్ల మీద పని చేసుకునేవాళ్లు. నేను బి.ఏ. చదివి, ఇరవై ఏళ్లుగా సంఘం పనిలో తిరుగుతున్నవాణ్ణి. మామూలుగా మా చర్చలు రిజర్వేషన్ల మీదనో, అష్టాంగ మార్గం మీదనో ఉంటాయి. ఈసారి మాత్రం చీపురు మీద నడిచింది. ఒక వారం కాదు, మూడు వారాలు. ఆ చర్చలో నాకు అర్థమైనంత మీ ముందు పెడుతున్నాను. సరిగ్గా ఉంటే తీసుకోండి, లేకుంటే వదిలేయండి. బుద్ధుడు కాలాములకు చెప్పింది కూడా అదే కదా.

చీపుర్లు వేలాడిన గది

నగరంలో ఒక గ్యాలరీలో కొత్త రకం కళాప్రదర్శన పెట్టారని లైబ్రరీ పిల్లల్లో ఒకరు పేపర్లో చూసి చెప్పారు. "టికెట్ లేదన్నా, ఒకసారి పోయి చూద్దాం" అన్నాడు. ఆరుగురం బయల్దేరాం. మాతో పెద్దమ్మ కూడా వచ్చింది. మా సంఘంలో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్లుగా రోడ్లు ఊడుస్తున్నది. తెల్లారకముందే డ్యూటీ. "బొమ్మలంటున్నరు కదా, నేనూ వస్త" అని చెప్పులేసుకుంది. నారాయణగూడలో మెట్రో ఎక్కి పోయాం.

మొదటి గదిలో నల్లరంగు పూసిన పెద్ద గుడ్డ ఒకటి. దాంట్లో ఇంకేమీ లేదు. పక్కన కాలు విరిగిన కుర్చీ. ఒక మూల టీవీలో ఒక మనిషి గోడను చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు చూసినా గోడనే చూస్తున్నాడు. మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాపుకుంటున్నారు. నాకు మాత్రం సిగ్గుగా ఉంది. డిగ్రీ చదివినవాణ్ణి, సంఘంలో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, ఒక్కటీ అర్థం కావడం లేదు. అర్థమైనట్టు తల ఊపుతూ నడుస్తున్నాను.

రెండో గదిలోకి పోగానే అందరం ఆగిపోయాం. పైకప్పు నుంచి సన్నటి దారాలతో చీపుర్లు వేలాడుతున్నాయి. వందకు పైనే ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో లైటు. గోడ మీద ఇంగ్లీషులో ఒక పేరా. శ్రమ గురించి, కనపడని మనుషుల గురించి రాసి ఉంది. ఆ కళాకారుడి పేరు ఇక్కడ చెప్పడం లేదు. మన చర్చకు అది అవసరం లేదు. ఆయన మంచి ఉద్దేశంతోనే చేశాడని నమ్ముతాను.

పెద్దమ్మ ఒక చీపురు కింద నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత అన్నది: "ఇవి ఊడ్వని చీపుర్లు."

"ఎట్ల తెలుసు పెద్దమ్మా?" అన్నాను.

"ఊడ్చిన చీపురు ఒక దిక్కు అరుగుతది బిడ్డా. ఎవరి చెయ్యి వాటం వాళ్లది. నా చీపురు కుడి దిక్కు అరుగుతది. ఇవన్నీ ఒక్క తీరుగున్నయ్. దుకాణంల కెల్లి తెచ్చి కట్టిండ్రు."

అట్ల అంటూ చెయ్యి పైకెత్తి ఒకదాని కొసలు పట్టుకోబోయింది. మూలన నిలబడ్డ సెక్యూరిటీ మనిషి గబగబా వచ్చాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అన్నాడు: "అమ్మా, ముట్టుకోవద్దమ్మా."

పెద్దమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గదిలో ఎవరమూ మాట్లాడలేదు. ఆ మాట మా అందరికీ ఎక్కడో తగిలింది. సెక్యూరిటీ తమ్ముడికీ తగిలినట్టుంది, తల దించుకున్నాడు. అతని తప్పేమీ లేదు. అతని ఉద్యోగం అది. చివరికి పెద్దమ్మే నవ్వింది.

"చిన్నప్పుడు ఊర్ల నన్ను ముట్టుకోవద్దన్నరు. ఇయ్యాల చీపురును ముట్టుకోవద్దంటున్నరు. చీపురుకు మంచి రోజులొచ్చినయ్!"

ముట్టుకోవద్దు అనే మాట ఒకచోట గౌరవం, ఇంకోచోట అవమానం ఎట్లా అవుతుంది? ఒక వస్తువు విలువ దాని లోపల ఉంటుందా, పెట్టిన చోటులో ఉంటుందా, చూసేవాడి కంట్లో ఉంటుందా? ఈ ప్రశ్న చిత్రకారులది మాత్రమే అనుకోవద్దు. ఊరి బయట పుట్టిన ప్రతి మనిషిదీ ఈ ప్రశ్న.

టీ దగ్గర మూడు అభ్యంతరాలు

తిరిగొచ్చి నారాయణగూడలో ఇరానీ చాయ్ తాగుతూ మాట్లాడుకున్నాం. మూడు అభ్యంతరాలు వచ్చాయి. మూడూ గట్టివే.

మొదటిది గ్రూప్స్ చదివే తమ్ముడిది. "అన్నా, మనుషులతో పాకీ పని చేయించొద్దని 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకోటి వచ్చింది. మ్యాన్‌హోల్‌లో చనిపోతే పది లక్షలియ్యాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. అయినా మనవాళ్లు దిగుతనే ఉన్నరు, చస్తనే ఉన్నరు. వీళ్లేమో ఏసీ గదుల్ల చీపుర్లు కట్టి చూస్తున్నరు. ఇది డబ్బున్నోళ్ల పిచ్చి కాదా?"

రెండోది ఒక ఉపాసిక అడిగింది. "ఉపోసథం నాడు ఆటపాటలు, వినోదాలు చూడొద్దని శీలం ఉంది కదా. మనం ఇట్లాంటివి చూడొచ్చా?"

మూడోది ఇంకో తమ్ముడిది. "మనం 22 ప్రతిజ్ఞలు తీసుకున్నోళ్లం. ఈ కొత్త బొమ్మల్లో తంత్రాలు, యంత్రాలు, దేవతల గుర్తులు ఉంటయ్. వాటి ముందు మనకేం పని?"

మూడో అభ్యంతరానికి మేం కూర్చున్న పేటలోనే ఒక ఉదాహరణ దొరికింది. పాకాల తిరుమల్ రెడ్డి, అందరూ పి.టి. రెడ్డి అంటారు, మన తెలుగు నేల నుంచి వచ్చిన తొలి ఆధునిక చిత్రకారుల్లో ఒకరు. 1915లో పాత కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకున్నారు. 1941లో అక్కడి మూస పద్ధతి నచ్చని మరికొందరు కుర్రాళ్లతో కలిసి ఒక బృందం కట్టారు. వాళ్లను 'యంగ్ టర్క్స్' అన్నారు. తర్వాత హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. నారాయణగూడలో ఆయన ఇంటి పేరు 'సుధర్మ'. తెలంగాణ పల్లె మాటల్లో కథలు రాసిన పాకాల యశోదారెడ్డి గారు ఆయన భార్య. 1996లో ఆయన కన్నుమూశారు. అంటే ఈ కొత్త కళ ఎక్కడో పారిస్‌లోనే పుట్టి అక్కడే ఉండిపోయిందనుకోవడం పొరపాటు. మన గల్లీ దాకా వచ్చింది. మనమే అటు చూడలేదు.

ఆయన తర్వాతి కాలంలో వేసిన బొమ్మల్లో తంత్ర చిహ్నాలు చాలా ఉంటాయి. ఒక బౌద్ధుడు వాటిని చూడొచ్చా? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇప్పించిన ప్రతిజ్ఞల్లో దేవుళ్లను నమ్మను, పూజించను అన్నాం. చూడను అని అనలేదు. బాబాసాహెబ్ స్వయంగా వేదాలు, పురాణాలు, స్మృతులు పేజీ పేజీ చదివారు. చదివారు కాబట్టే వాటిని ప్రశ్నించగలిగారు. కళ్లు మూసుకుని ఒకదాన్ని పూజించడం, కళ్లు మూసుకుని ఒకదాన్ని తిట్టడం, రెండింట్లోనూ కళ్లు మూసుకునే ఉంటాయి.

ఉపాసిక ప్రశ్నకు జవాబు: ఆమె చెప్పిన శీలం ఉపోసథం నాడు పాటించే ఎనిమిది శీలాల్లోది. ఆ రోజు పాటించాలి. మనసును రెచ్చగొట్టే వినోదానికి దూరంగా ఉండటం దాని ఉద్దేశం. నిత్యం పాటించే పంచశీలలో అది లేదు. కళే తప్పయితే అజంతా గోడల మీద రంగులుండేవి కావు, అమరావతి రాళ్ల మీద శిల్పాలుండేవి కావు.

మొదటి అభ్యంతరం మాత్రం అంత తేలిగ్గా పోదు. దానికోసం కొంచెం వెనక్కి వెళ్లాలి.

1917లో రెండు ఘటనలు

ఇట్లాంటి కళను ఇంగ్లీషులో 'అవాంట్ గార్డ్' అంటారు. అది ఫ్రెంచి మాట, సైన్యం నుంచి వచ్చింది. దండుకు ముందు నడిచే దళం అని అర్థం. పాత దారిని కాదని ముందు నడిచే కళాకారులకు ఆ పేరు వచ్చింది.

వీటిలో ఎక్కువమంది చెప్పుకునేది 1917లో న్యూయార్క్‌లో జరిగింది. అక్కడ స్వతంత్ర కళాకారుల సంఘం ఒకటి పెద్ద ప్రదర్శన పెట్టింది. ఆరు డాలర్లు కడితే ఎవరి పనినైనా పెడతాం, మంచీ చెడూ తేల్చే న్యాయనిర్ణేతలు ఉండరు అని నియమం. మార్సెల్ ద్యుషాం అనే ఫ్రెంచి కళాకారుడు ఆ సంఘంలో సభ్యుడే. మగవాళ్ల మూత్రశాలల్లో గోడకు బిగించే పింగాణీ తొట్టి ఒకటి తెప్పించి, దాన్ని వెల్లకిలా పెట్టి, 'ఆర్. మట్' అనే దొంగ పేరుతో సంతకం చేసి, 'ఫౌంటెన్' అని పేరు పెట్టి పంపించాడు. అందరికీ చోటుందన్న సంఘం దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. ద్యుషాం సంఘం నుంచి తప్పుకున్నాడు. ఆ అసలు తొట్టి తర్వాత ఎటుపోయిందో పోయింది. 1964లో ఆయన అనుమతితో చేసిన నమూనాలు ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి.

వస్తువు మారలేదు. చోటు మారింది, పేరు మారింది, సంతకం పడింది. దాంతో జనం చూపు మారింది. చోటును బట్టి విలువ కడుతున్నారు మీరు, అని ఆ తొట్టి అందరి మొహం మీద చెప్పింది.

అదే 1917లో ఏం జరిగిందో మనకు తెలుసు. 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ అదే న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. తర్వాత లండన్ వెళ్లారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో తిరిగొచ్చి, ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఆఫీసులో నౌకర్లు ఫైళ్లు దూరం నుంచి విసిరేసేవారని ఆయన జీవిత చరిత్రలో ఉంది. ఉండటానికి ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉన్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని పార్సీలు వచ్చి వెళ్లగొట్టారు. ఆశ్రయం అడిగితే ఇద్దరు స్నేహితులూ ఏదో ఒక సాకు చెప్పారు. ఒక తోటలో కూర్చుని పొద్దుపుచ్చి, రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయారు. ఇదంతా ఆయనే తన చేత్తో రాసి పెట్టారు.

ఇక్కడా మనిషి మారలేదు. న్యూయార్క్ గ్రంథాలయంలో కూర్చున్న భీమ్‌రావ్ అంబేడ్కరే బరోడా సత్రంలో ఉన్నారు. చోటు మారింది. చూసేవాళ్లు మారారు. చూపు మారింది.

అక్కడ ఒక తొట్టికి సంతకం పెడితే కళ అయింది. ఇక్కడ ఒక మనిషికి కొలంబియా చదువున్నా అంటరానివాడే అయ్యాడు. రెండు చోట్లా నియమం పైకి మంచిదే. అక్కడ 'ఎవరైనా పెట్టొచ్చు', ఇక్కడ 'చదివితే ఉద్యోగం'. లోపల ఇంకో రాయని నియమం ఉంది. అది బయటపడటానికి అక్కడ తొట్టి కావాల్సి వచ్చింది. ఇక్కడ మన బాబాసాహెబ్ ఒళ్లు కావాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక తేడాను మరిచిపోవద్దు. ద్యుషాం చేసింది కావాలని ఆడిన ఆట. తొట్టిని బయట పెట్టినా దానికి బాధ లేదు. మనిషిని బయట పెడితే రాత్రంతా నిద్ర పట్టదు. వస్తువుకు జరిగిన తమాషానూ మనిషికి జరిగిన గాయాన్నీ ఒకే తక్కెడలో పెట్టి సమానం అనను. కానీ ఆ తమాషా ఒక నిజం చెప్పింది. విలువ, మైల అనేవి వస్తువు పుట్టుకలో ఉండవు. మనుషులు అంటిస్తారు. అంటించినదాన్ని మనుషులే వదిలించగలరు.

స్పర్శ అంటే ఏమిటి?

ఇది ధమ్మంలో కొత్త మాట కాదు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది అన్న ప్రతీత్య సముత్పాదమే. పన్నెండు అంగాల ఆ గొలుసులో ఆరోది 'ఫస్స', అంటే స్పర్శ.

బుద్ధుడు స్పర్శ అని చెయ్యి తగలడాన్ని ఒక్కదాన్నే అనలేదు. కన్ను ఉంది, ఎదుట రూపం ఉంది, చూసే తెలివి లేచింది. ఈ మూడూ కలవడమే స్పర్శ. చెవికీ, ముక్కుకూ, నాలుకకూ, ఒంటికీ, మనసుకూ అంతే. స్పర్శ నుంచి వేదన పుడుతుంది. సుఖమో, దుఃఖమో, రెండూ కానిదో. ఆ వెంటనే మనసు దానికి పేరు పెడుతుంది. పేరు మీద కథ అల్లుతుంది. కథ పెరిగి పెరిగి చివరికి మన నెత్తి మీదే కూర్చుంటుంది.

అంటే చూడటం కూడా ముట్టుకోవడమే.

ఈ మాట నాకు చాలా ఏళ్లుగా పుస్తకంలో తెలుసు. పెద్దమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయిన రోజే లోపలికి దిగింది. అంటరానితనం అంటే చేత్తో ముట్టుకోకపోవడం అని అనుకుంటాం. అది చేతి కంటే ముందు కంట్లో మొదలవుతుంది. ఊరి పెద్ద మన దిక్కు తల తిప్పడు. ఆఫీసరు ఫైలు చూస్తాడు గానీ తెచ్చినవాడి మొహం చూడడు. అపార్ట్‌మెంట్‌లో రోజూ చెత్త తీసుకుపోయే మనిషి పేరు ఎవరికీ తెలియదు. కంటితో ముట్టుకోనివాడు చేత్తో ఎట్లా ముట్టుకుంటాడు?

చూసినవాడు కూడా నిజంగా చూస్తున్నాడా? కన్ను పడగానే మనసు పేరు అంటిస్తుంది: మాల, మాదిగ, పాకీ, స్లమ్ము. పేరు పడ్డాక మనిషి కనపడడు, పేరే కనపడుతుంది. చూసినదాన్ని చూసినంత వరకే చూడు, దాని మీద నీ కథ కట్టకు అన్నది బుద్ధుడు బాహియుడికి చేసిన బోధలో సారం. ఇది కళ్లు మూసుకుని చేసే ధ్యానం కాదు, కళ్లు తెరిచి చేసేది. మన ఇళ్లల్లో గోడల మీద కళ్లు తెరిచిన బుద్ధుడి బొమ్మ ఎందుకుంటుందో ఒకసారి ఆలోచించండి.

కుండ, చీపురు

బాబాసాహెబ్ 1936లో రాసిన 'కుల నిర్మూలన'లో పీష్వాల పుణె గురించి ఉంటుంది. అక్కడ అంటరానివాడు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో మట్టికుండ కట్టుకోవాలి. తన అడుగుజాడలు తుడుచుకుపోయేట్టు నడుముకు చీపురు కట్టుకోవాలి. నాగపూర్‌లో పుట్టిన చిత్రకారుడు సవి సావర్కర్ ఆ మనిషినే మళ్లీ మళ్లీ గీశారు. ఆయన బొమ్మల్లో కుండ ఉంటుంది, చీపురు ఉంటుంది. కట్టుకున్న ఒళ్లు కూడా ఉంటుంది. మేం చూసిన గదిలో ఒళ్లు లేదు. పెద్దమ్మ పట్టుకున్న లోపం సరిగ్గా అదే: చీపురు ఉంది, చెయ్యి వాటం లేదు.

ఇప్పుడు ఇంకో కుండ గురించి చెప్తాను. అమరావతి స్తూపం రాళ్ల మీద దానం చేసినవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో ఒకటి విధికుడు అనే మనిషిది. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, బంధుమిత్రులతో కలిసి ఒక శిల్పఫలకం దానం చేశాడు. ఆ ఫలకం మీద ఉన్నది పూర్ణఘటం, నిండు కుండ. ఆ విధికుడి వృత్తి ఏమిటో కూడా శాసనంలోనే ఉంది. చర్మకారుడు, తోలు పని చేసేవాడు.

ఆలోచించండి. బౌద్ధం ఉన్న కాలంలో తోలు పని చేసే మనిషి తండ్రి ఉపాధ్యాయుడు. అతని ఇంటి పేరున స్తూపానికి నిండు కుండ ఎక్కింది. ఎన్నో వందల ఏళ్ల తర్వాత అదే పని చేసేవాళ్ల మెడలో ఉమ్మి కుండ వేలాడింది. మట్టి మారలేదు. మనిషి మారలేదు. మధ్యలో ధమ్మం పోయింది, వర్ణం వచ్చి కూర్చుంది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో పూర్ణఘటం చూసేటప్పుడు ఎంతమందికి విధికుడు గుర్తొస్తాడు?

మ్యూజియం మనది కాదు అనుకునేవాళ్లకు ఇదే నా జవాబు. అమరావతి రాళ్లలో చాలా భాగం చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ గదుల్లోకి మనం అతిథులుగా పోవడం లేదు. దాతల వారసులుగా పోతున్నాం.

అర్థం కాకపోతే?

గ్యాలరీలో నాకు కలిగిన సిగ్గు గురించి కూడా చెప్పాలి. అర్థం కాని చోట మనవాళ్లకు రెండు అలవాట్లున్నాయి. ఒకటి, తల ఊపడం. రెండు, ఎగతాళి చేయడం. రెండూ భయం నుంచి వచ్చేవే. వెయ్యేళ్లు చదువుకు దూరంగా పెట్టారు కదా, అర్థం కాదు అంటే మనకు వెంటనే పాత దెబ్బ గుర్తొస్తుంది.

చుల్లపంథకుడనే భిక్షువు నాలుగు నెలలైనా ఒక్క గాథ నోటికి తెచ్చుకోలేకపోయాడు. సొంత అన్నే ఆరామం నుంచి పొమ్మన్నాడు. ఏడుస్తూ పోతుంటే బుద్ధుడు ఆపాడు. గాథలేమీ ఇవ్వలేదు. ఒక తెల్ల గుడ్డముక్క చేతికిచ్చి, ఎండకు ఎదురుగా కూర్చుని దాన్ని రుద్దుతూ ఉండమన్నాడు. చేతి చెమటకు గుడ్డ మాసింది. తెల్లగా ఉన్నది తెల్లగా ఉండదని అతను కళ్లారా చూశాడు. అనిత్యం అర్థమైంది, అర్హంతుడయ్యాడు. పండితుడు కావాల్సిన అవసరం రాలేదు. ఒక మామూలు వస్తువును ఓపిగ్గా చూడటం సరిపోయింది.

అమరావతి తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ ఆసనం చెక్కారు, పాదాల గుర్తులు చెక్కారు, బోధి చెట్టు, చక్రం చెక్కారు. చుట్టూ జనం మొక్కుతుంటారు, మధ్యలో ఎవరూ ఉండరు. తెలియనివాడు వచ్చి 'ఇక్కడేం లేదు కదా' అంటాడు. ఆ లేకపోవడమే చెప్పదలుచుకున్న మాట. ఇది తెలిశాక మొదటి గదిలోని నల్లగుడ్డను నేను మనసులో ఇంకోసారి చూశాను. అదీ ఖాళీ ఆసనం అంత గొప్పదని అనను. ఇప్పటికీ నాకు నచ్చలేదు. కానీ నచ్చలేదు అనడానికీ, చూడను అనడానికీ మధ్య చాలా దూరముంది.

మళ్లీ తమ్ముడి ప్రశ్న

ఇక మొదటి అభ్యంతరానికి వద్దాం. మనవాళ్లు మ్యాన్‌హోళ్లలో చస్తుంటే చీపుర్ల బొమ్మలెందుకు?

తమ్ముడి కోపం న్యాయమైనదే. ఆ గదిలో చీపురును చూసి కళ్లు తడి చేసుకుని, బయటికొచ్చి రోడ్డు ఊడ్చే మనిషిని దాటుకుపోతే, ఆ బొమ్మ ఎవరికీ పనికిరాలేదు. చీపురును కంటి ఎత్తుకు లేపి, పట్టుకునే మనిషిని నేల మీదే వదిలేస్తే అది కొత్త రకం అంటరానితనం. పనిముట్టుకు గౌరవం, పనిమనిషికి అదే పాత చోటు.

కానీ తప్పంతా కళ మీద వేసి మనం తప్పించుకోవద్దు. నా సంగతే చెప్తాను. పెద్దమ్మను ఎనిమిదేళ్లుగా ఎరుగుదును. ఆమె చీపురు కుడి దిక్కు అరుగుతుందని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఆమె పని గురించి సభల్లో మాట్లాడాను, అర్జీలు రాశాను. ఆమె చేతిని ఎన్నడూ సరిగ్గా చూడలేదు. ఆ వేలాడే చీపుర్లు లేకపోతే ఇప్పటికీ చూసేవాణ్ణి కాదేమో. ఆ ప్రదర్శనకు నేను అంతవరకు రుణపడి ఉన్నాను.

రాజగృహంలో సునీతుడు వీధులు ఊడ్చేవాడు. ఒక తెల్లవారుజామున బుద్ధుడు భిక్షువులతో అటు వచ్చాడు. సునీతుడికి దాక్కోవడానికి చోటు దొరకలేదు. గోడకు ఆనుకుని చేతులు జోడించి నిలబడ్డాడు. బుద్ధుడు అతని చీపురును చూసి జాలిపడి దాటిపోలేదు. అతని దగ్గరికి నడిచి వచ్చాడు, మాట్లాడాడు, సంఘంలోకి రమ్మన్నాడు. చూపు, మాట, చోటు, మూడూ ఇచ్చాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో సునీతుడి కథను ఎందుకు చేర్చారో ఇప్పుడు మనకు తెలియాలి.

ఏ బొమ్మకైనా, ఏ పాటకైనా, మన ఉపన్యాసాలకైనా ఇదే పరీక్ష. అది చూపు దగ్గరే ఆగిందా? మాట దాకా వచ్చిందా? చోటు ఇచ్చేదాకా నడిచిందా? మొదటి మెట్టు ఎక్కించినదాన్ని తన్నేయొద్దు. అక్కడే కూర్చోనూ వద్దు.

ఈ వారం సాధన

మా సంఘంలో మూడు పనులు పెట్టుకున్నాం. మీరూ చేసి చూడండి.

ఒకటి. రోజుకు ఒక మామూలు వస్తువును పది నిమిషాలు చూడండి. గిన్నె కావచ్చు, చెప్పు కావచ్చు, చీపురు కావచ్చు. ఎవరి చెయ్యి వాటంతో అరిగిందో చూడండి.

రెండు. రోజూ ఎదురుపడే, పేరు తెలియని ఒక మనిషిని పలకరించండి. పేరడిగి గుర్తుపెట్టుకోండి.

మూడు. నెలకు ఒకసారి పిల్లల్ని ఒక మ్యూజియంకో, ప్రదర్శనకో తీసుకుపోండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పనివ్వండి. ఎందుకు నచ్చలేదో కూడా చెప్పమనండి.

తర్వాతి ఆదివారం వందన అయ్యాక, కోపంగా మాట్లాడిన ఆ గ్రూప్స్ తమ్ముడే లేచాడు. "పొద్దున లైబ్రరీకి పోయేటప్పుడు మా గల్లీ ఊడ్చే ఆమెకు జై భీమ్ చెప్పిన. రెండేండ్ల సంది ఆ గల్లీల ఉంటున్న. ఆమె మొహం చూసుడు అదే మొదలు. మా అమ్మ ఈడుదే" అన్నాడు. అంతకుమించి మాట్లాడలేక కూర్చున్నాడు.

పెద్దమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఈసారి ఎవరూ ముట్టుకోవద్దనలేదు.

నమో బుద్ధాయ. జై భీమ్.